కత్తా, మాత్రా?



ఏడాది కిందటి మాట. సాయంత్రం ఏడయ్యింది, వానొచ్చేలా ఉంది. నాది ఆసుపత్రి అంటాను గానీ పెద్దదేదో ఊహించుకోకండి. రెండు గదులు, ఒక ఈసీజీ మిషను, బయట నాలుగు బల్లలు. ఆఖరి పేషెంటును పంపించి లేవబోతుంటే వాకిట్లో కారాగింది. దిగింది మా ఊరి లెక్కల మాస్టారు. రిటైరై పదేళ్లు దాటింది. వెనకే ఆయన భార్య. ఆ వెనక కొడుకు. కొడుకు చేతిలో ఇంత లావు ఫైలు, దాని మీద ఒక సీడీ.

"డాక్టరు గారూ, నాన్నకి బ్లాకు ఉందంటండీ. 75 శాతం. రేపు పొద్దున్నే స్టంటు వేయించేద్దామని బయల్దేరుతున్నాం. వెళ్లే ముందు మీకోసారి చూపించమని అమ్మ ఒకటే గొడవ."

స్టెంట్ అనాలి. కానీ మా వైపు ఎవరూ అలా అనరు. స్టంటు అనే అంటారు, సినిమాలో ఫైటింగులా. నేనూ ఇవాళ స్టంటు అనే అంటాను. మీకూ నాకూ తెలిసిన మాట అదే కదా.

మాస్టారు కుర్చీలో కూర్చుని ఒక్కటే అడిగారు. "నూటికి 75 మూసుకుపోయిందంటే మిగిలింది పాతిక. ఆ పాతికా మూసుకుపోతే నేను పోయినట్టే. అంతేగా?"

లెక్క తప్పు కాదు. కానీ గుండె ఆ లెక్క ప్రకారం నడవదు. ఎందుకు నడవదో ఆ రాత్రి మాస్టారుకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను.

దానికి ముందు ఒక్క సంగతి. రేడియోలో చెప్పింది వెనక్కి తిప్పి వినలేరు కాబట్టి దీన్ని రెండు మూడుసార్లు చెబుతాను, విసుక్కోకండి.

గుండె నొప్పి రెండు రకాలు. ఒకటి నిలకడ నొప్పి. ఇంకొకటి హఠాత్తు నొప్పి.

నిలకడ నొప్పికి ఒక పద్ధతి ఉంటుంది. నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. మేడ ఎక్కుతుంటే వస్తుంది. భోంచేసి వెంటనే బజారుకి బయల్దేరితే వస్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కితే వస్తుంది. గుండెల మీద ఎవరో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు నిలబడితే వదిలేస్తుంది. నెలల తరబడి అదే తీరు. మాస్టారుది ఇదే. కాలువ వంతెన ఎక్కేటప్పుడు వచ్చేది, మధ్యలో ఆగితే పోయేది.

హఠాత్తు నొప్పికి పద్ధతీ పాడూ లేదు. ఊరికే కూర్చున్నా వస్తుంది, నిద్రలోనూ వస్తుంది. ఆగినా పోదు. చెమటలు కారిపోతాయి, వాంతి వచ్చినట్టుంటుంది, దవడలోకో ఎడమ చేతిలోకో పాకుతుంది. షుగరున్నవాళ్లకీ, కొంతమంది ఆడవాళ్లకీ అసలు నొప్పే ఉండకపోవచ్చు. ఉత్త ఆయాసం, నీరసం, అంతే. నిన్నటిదాకా వంతెన దగ్గర వచ్చే నొప్పి ఇవాళ పెరట్లోకి వెళ్తేనే వస్తోందంటే, అదీ ఈ రెండో రకంలోకే చేరిందని లెక్క.

హఠాత్తు నొప్పి వస్తే ఆలోచించేది ఏమీ లేదు. 108కి ఫోను చేయండి. దగ్గర్లో ఈసీజీ ఉన్న చోటికి వెళ్లండి. గ్యాసని సోడా తాగి, వాము నమిలి, తెల్లారాక చూద్దాంలే అని పడుకున్నవాళ్లను నా వృత్తిలో చాలామందిని చూశాను. కొందరికి తెల్లారలేదు. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టంటు వేస్తే ప్రాణం నిలుస్తుంది. ఆ సదుపాయం దగ్గర్లో లేకపోతే గడ్డను కరిగించే ఇంజక్షనుంది. అక్కడ కత్తా, మాత్రా అన్న చర్చే లేదు.

ఇవాళ నేను మాట్లాడేది నిలకడ నొప్పి గురించి. అంటే నడిస్తే వచ్చేది, ఆగితే పోయేది. దీనికి మాత్రం ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. రేపు పొద్దున్నే వెళ్లిపోవాల్సిన పని చాలామందికి ఉండదు.

ఇక మాస్టారు లెక్క దగ్గరికొద్దాం.

మాది గోదావరి డెల్టా. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన నీరు పెద్ద కాలువల్లోంచి పిల్లకాలువల్లోకి, అక్కణ్నించి పంటబోదెల్లోకి, చివరికి శివారు చేలకు చేరుతుంది. గుండెకు రక్తం అందే తీరూ ఇంతే. గుండె పుట్టిన దగ్గర్నుంచి ఒళ్లంతటికీ రక్తం తోడిపోస్తుంది. కానీ దాని కండకు కావలసిన రక్తం మాత్రం దాని పైనే పాకే సన్నటి నాళాల్లోంచి రావాలి. అసలు మొదలు రెండు. ఎడమది కాస్త దూరం వెళ్లి రెండుగా చీలుతుంది. అందుకే వాడుకలో మూడు నాళాలంటాం. ఎడమది చీలకముందు ఉండే ఆ పొట్టి ముక్కను డాక్టర్లు లెఫ్ట్ మెయిన్ అంటారు. ధవళేశ్వరం తలలాకుల్లాంటిది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. లెఫ్ట్ మెయిన్.

కాలువలో పూడిక పేరుకుంటే నీటి జోరు తగ్గుతుంది. మామూలు రోజుల్లో తెలియదు. నాట్ల వేళ అందరికీ ఒకేసారి నీరు కావాల్సొచ్చినప్పుడు శివారు రైతు గగ్గోలు పెడతాడు. ఆ గగ్గోలే నిలకడ నొప్పి. వంతెన ఎక్కేటప్పుడు గుండెకు ఎక్కువ రక్తం కావాలి, పూడిక అడ్డం వచ్చింది, నొప్పి వచ్చింది. ఆగారు, అవసరం తగ్గింది, నొప్పి పోయింది.

మరి గుండెపోటు? అది పూడిక వల్ల వచ్చేది కాదు. అది గండి.

గండి ఎక్కడ పడుతుందో మా రైతుల్ని అడగండి. పూడిక ఎక్కువున్న చోట పడుతుందని ఒక్కడూ చెప్పడు. గట్టు లోపల ఎలుకలు బొరియలు చేసి గుల్ల చేసిన చోట పడుతుంది. పైకి చూస్తే ఆ గట్టు నున్నగానే ఉంటుంది. రక్తనాళమూ అంతే. కొవ్వు చేరేది నాళం గోడలో. కొన్నిచోట్ల అది గట్టిపడి దారికి అడ్డం వస్తుంది. యాంజియోగ్రాంలో 75 శాతం అని కనిపించేది ఇది. ఇంకొన్నిచోట్ల గోడలోపలే మెత్తగా, పుండులా ఉండిపోతుంది. దారి సగం కూడా మూసుకోదు. ఒకరోజు దాని పైపొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మొత్తం మూసేస్తుంది. అదీ గుండెపోటు. నిన్న టీఎంటీలో, అంటే ట్రెడ్‌మిల్ పరీక్షలో, బ్రహ్మాండంగా పరుగెత్తినవాడికి ఇవాళ పోటు ఎలా వచ్చిందని ఆశ్చర్యపోతాం కదా, సంగతి ఇదే.

మళ్లీ చెబుతాను. నొప్పి తెప్పించేది పూడిక. పోటు తెప్పించేది గండి. రెండూ ఒకేచోట ఉండాలని లేదు.

స్టంటు పూడికున్న ఒక్కచోట దారి వెడల్పు చేస్తుంది. మిగతా గట్టునంతా అలాగే ఉంచుతుంది. మాత్రలు గట్టునంతా చూసుకుంటాయి, కానీ పూడికను తవ్విపోయవు. మరి బైపాస్? అది కొత్త బోదె. కాలినుంచో ఛాతీలోంచో ఒక నాళం తెచ్చి, పాడైన భాగాన్ని దాటించి, శివారుకు నేరుగా నీరు పెడతారు. రేపు పైన ఎక్కడ గండి పడినా శివారు చేలు ఎండవు. ఈ మూడింటికీ పోలిక ఇది. దీని వెనక 60, 70 ఏళ్ల కథ ఉంది. అందులో తమాషా ఒకటి చెబుతాను.

1950లలో ఒక ఆపరేషన్ జోరుగా సాగింది. ఛాతీ ఎముక వెనకాల ఒక ధమని ఉంటుంది. దాన్ని ముడేస్తే ఆ రక్తం గుండె వైపు మళ్లుతుందని సర్జన్లు నమ్మారు. చిన్న కోత, కాసేపటి పని. చేయించుకున్నవాళ్లు నొప్పి తగ్గిందన్నారు, బాగా నడుస్తున్నామన్నారు. 1959లో అమెరికాలోని సియాటిల్‌లో లెనార్డ్ కాబ్ అనే డాక్టరుకి అనుమానం వచ్చింది. 17 మందిని తీసుకున్నాడు. దాదాపు సగంమందికి ధమని ముడేశారు. మిగతావాళ్లకు చర్మం కోసి, ఏమీ చేయకుండా కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు చెప్పలేదు. ఆ తర్వాత చూస్తే రెండు జట్లూ ఒకేలా బాగుపడ్డాయి! ఉత్త కోత పెట్టించుకున్నవాడికి కూడా నొప్పి తగ్గింది. ఆ ఆపరేషన్ అంతటితో మూలపడింది.

నన్నడిగితే ప్రతి వైద్య కళాశాల గోడ మీదా రాయాల్సిన కథ ఇది. రోగి అబద్ధం ఆడలేదు, డాక్టరూ ఆడలేదు. పెద్దాసుపత్రికి వెళ్లాం, ఆపరేషన్ చేశారు, ఇక నయమవుతుంది అన్న నమ్మకమే సగం నొప్పి తీసేస్తుంది. కాబట్టి చేయించుకున్నాక బాగుందన్న మాట ఒక్కదాన్నే పట్టుకుని ఏ వైద్యం గొప్పో తేల్చలేం.

అసలు బైపాస్ 1967లో ఊపందుకుంది. రెనె ఫవలోరో అని అర్జెంటీనా డాక్టరు. మొదట వాళ్ల దేశంలో ఒక మారుమూల పల్లెలో పన్నెండేళ్లు మామూలు వైద్యుడిగా పనిచేశాడు. తర్వాత అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి వెళ్లి సర్జరీ నేర్చుకున్నాడు. 1967 మే నెలలో ఒక మహిళకు కాలి సిరతో కొత్త దారి వేశాడు. కాలి సిరంటే, మన వాడుకలో 'కాల్లోంచి నరం తీసి గుండెకేశారు' అంటామే, అదే. అది నరం కాదు, రక్తనాళం. ఇంకో వింత చెప్పనా? 1950లలో పనికిరాకుండా ముడేసిన ఆ ఛాతీ ధమనే ఇవాళ బైపాస్‌లో అన్నిటికన్నా ఎక్కువ కాలం పనిచేసే నాళం. ముడేసి వదిలేయడం దండగ, కలిపి కుడితే బంగారం.

ఆపరేషన్ దొరికింది కదాని అందరికీ చేసేశారు. ఏ కొత్త పరికరం వచ్చినా అంతే. అప్పుడు అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కొందరికి చీటీ తీసినట్టుగా బైపాస్, కొందరికి మందులు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. 1977లో ఫలితాలు వచ్చాయి. లెఫ్ట్ మెయిన్‌లో బ్లాకున్నవాళ్లను పక్కనపెడితే, మిగతావాళ్లలో రెండు జట్ల ఆయుష్షులోనూ పెద్ద తేడా లేదు. సర్జన్లు మండిపడ్డారు. ఆ వాదులాట చాలాకాలం నడిచింది. కేరళలో పుట్టి బెంగళూరులో చదివిన డాక్టర్ సలీం యూసుఫ్ 1994లో సహచరులతో కలిసి అలాంటి ఏడు పరీక్షల లెక్కల్ని ఒకచోట కూర్చాడు. అప్పుడు విషయం తేటపడింది. బైపాస్ ఆయుష్షు పెంచుతుంది, నిజమే. కానీ ఎవరికి? లెఫ్ట్ మెయిన్ మూసుకుపోయినవాళ్లకి. మూడు నాళాలూ పాడైనవాళ్లకి. గుండె బలం తగ్గినవాళ్లకి. జబ్బు ఎంత ముదిరితే లాభం అంత ఎక్కువ. తేలిక జబ్బుకి ఆ లాభం కనపడదు.

ఇక స్టంటు కథ. ఇది వంటింట్లో మొదలైంది. నిజంగానే వంటింట్లో. ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే జర్మన్ డాక్టరు స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద సన్నటి గొట్టాలకు చిన్న చిన్న బుడగలు అతికిస్తూ కూర్చునేవాడు. 1977 సెప్టెంబరులో ఆ బుడగను ఒక మనిషి గుండె నాళంలోకి పంపి, ఊదించి, దారి తెరిచాడు. ఛాతీ కోయలేదు. బుడగ తీసేశాక దారి మళ్లీ ముడుచుకుపోతోందని తర్వాతి రోజుల్లో లోహపు జల్లెడ గొట్టం పెట్టడం మొదలుపెట్టారు. అదే స్టంటు. మనవాళ్లకి అందుబాటు ధరలో ఇవ్వాలని హైదరాబాదులో డాక్టర్ సోమరాజు గారూ, అబ్దుల్ కలాం గారూ కలిసి 1990లలో కలాం-రాజు స్టంటు తయారుచేశారు. ఒకప్పుడు లక్ష దాటిన మందు పూత స్టంటు ధరను 2017లో కేంద్రం సుమారు 30 వేలకు కట్టడి చేసింది. అంతా మంచిదే.

కానీ మళ్లీ అదే ప్రశ్న. నిలకడ నొప్పి ఉన్నవాళ్లకి స్టంటు ఆయుష్షు పెంచుతుందా?

2007లో కరేజ్ అని ఒక పెద్ద పరీక్ష వచ్చింది. రెండువేల పైచిలుకు జనం. సగంమందికి మంచి మందులు. సగంమందికి అవే మందులతోపాటు స్టంటు. ఏళ్లు గడిచాక చూస్తే చావుల్లోగానీ గుండెపోట్లలోగానీ తేడా లేదు. పరీక్షలో లోపాలున్నాయని కొందరన్నారు. సరే, ఇంకా పెద్దది చేశారు. ఇస్కీమియా దాని పేరు. 37 దేశాలు, ఐదువేల పైచిలుకు జనం. అందులో మన భారతీయులూ ఉన్నారు. ఫలితం మళ్లీ అదే. ముందే స్టంటో బైపాసో చేయించుకున్నవాళ్లు మందులతో సరిపెట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువకాలమేమీ బతకలేదు. అయితే తరచూ నొప్పి వచ్చేవాళ్లకి నొప్పి బాగా తగ్గింది. అది చిన్న లాభమేం కాదు. నొప్పి లేనివాళ్లకు మాత్రం ఆ లాభమూ లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ పరీక్షలో లెఫ్ట్ మెయిన్ బ్లాకు ఉన్నవాళ్లనూ, గుండె పంపింగు బాగా పడిపోయినవాళ్లనూ ముందే పక్కకు తీశారు. ఈ ఫలితం వాళ్లకు వర్తించదు.

కాబ్ కథ గుర్తుందా, ఉత్త కోత? 2017లో లండన్ డాక్టర్లు స్టంటుకీ అదే పరీక్ష పెట్టారు. డాక్టర్ రాషా అల్ లామీ ముందు నడిపారు. పేరు ఆర్బిటా. 200 మంది. అందరూ మన మాస్టారు లాంటివాళ్లే. ఒకే నాళం, 70 శాతం పైన బ్లాకు. ముందు ఆరు వారాలు మందులు చక్కగా సర్దారు. వారానికి ఒకటి నుంచి మూడుసార్లు ఫోన్లు చేసి మరీ కనుక్కున్నారు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపించారు. సగంమందికి స్టంటు వేశారు. సగంమందికి వేయలేదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంతా అయ్యాక, ఆరేళ్లకు రెండో పరీక్ష పెట్టారు. ఈసారి నొప్పి మందులు ఆపేసి చూశారు. అప్పుడు స్టంటు నొప్పిని నిజంగానే తగ్గించింది. అందరికీ పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. కాబట్టి స్టంటు ఉత్త భ్రమ అని నేననను. నొప్పికి అదొక మంచి మందు. నిలకడ నొప్పిలో ఆయుష్షుకు మాత్రం మందు కాదు. అంతే తేడా.

ఇదంతా చెప్పి మాస్టారు ఫైలు తెరిచాను. లెఫ్ట్ మెయిన్ శుభ్రంగా ఉంది. ఒకే నాళం, అదీ కుడివైపుది. ఎకోలో పంపింగు 60, అంటే మంచి బలం. షుగరు లేదు. మందులు మాత్రం సరిగ్గా మొదలే పెట్టలేదు. కొడుకును అడిగాను.

"ఎందుకంత తొందర బాబూ?"

"గుండెల్లో టైంబాంబు ఉందన్నారండీ."

ఇదొక్కటే నాకు కోపం తెప్పిస్తుంది. ఎవరన్నారో నాకు అనవసరం. నిలకడ నొప్పి ఉన్న మనిషికి బాంబు అని చెప్పి ఆ పూటే సంతకం పెట్టించడం వైద్యం కాదు. భయం మీద సంతకం పెట్టకూడదు.

మాస్టారు భార్య అప్పటిదాకా మాట్లాడలేదు. "అయితే ఆపరేషన్ అక్కర్లేదంటే జబ్బు లేనట్టేనా అండీ?"

"కాదమ్మా. జబ్బుంది. గట్టు గుల్లగానే ఉంది. దాన్ని బాగుచేసేది మాత్రలూ, నడకా, తిండీను. అది బతికున్నన్నాళ్లూ చేయాలి. ఆపరేషన్ అయితే ఒక్కరోజు పని. ఇదే కష్టం."

ఇప్పుడు రెండో మనిషి గురించి చెప్పాలి. లేకపోతే మాత్రలే గొప్ప, ఆపరేషన్లన్నీ మోసమని మీరనుకుంటారు. నేను చెప్పేది అది కాదు.

మా ప్రాంతపు కౌలు రైతు ఒకాయన. షుగరు పదిహేనేళ్లుగా. నొప్పి పెద్దగా తెలియదు, ఆయాసం మాత్రం ఉంది. యాంజియోగ్రాంలో మూడు నాళాలూ పాడయ్యాయి. పంపింగు 30కి పడిపోయింది. బైపాస్ అన్నారు. పారిపోయి నా దగ్గరికొచ్చాడు. "కోత వద్దు బాబూ. ఏవో మాత్రలిచ్చి గట్టెక్కించండి. దాళ్వా కోతలున్నాయి."

మాస్టారు స్టంటుకి పరుగెత్తారు, ఆయనకది అక్కర్లేదు. ఈయన ఆపరేషన్ నుంచి పరుగెత్తాడు, ఈయనకదే కావాలి. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే.

ఈయనకు ఎందుకు కావాలి? షుగరుండి చాలా నాళాలు పాడైనవాళ్లలో స్టంటుకూ బైపాస్‌కూ పోటీ పెడితే, ఐదేళ్లకు స్టంటు జట్టులో నూటికి 16 మంది పోయారు, బైపాస్ జట్టులో 11 మంది. 2012లో వచ్చిన ఫ్రీడం పరీక్ష ఇది. షుగరువాళ్లలో గట్టు పొడుగునా గుల్లే. ఒకచోట వెడల్పు చేస్తే ఏం లాభం? కొత్త బోదే తవ్వాలి. ఇక పంపింగు పడిపోయినవాళ్ల సంగతి. మందులు మాత్రమే వాడినవాళ్లలో పదేళ్లకు నూటికి 66 మంది చనిపోయారు. మందులతోపాటు బైపాస్ చేయించుకున్నవాళ్లలో 59 మంది. ఏడుగురి తేడా. ఆ ఏడుగురిలో మన ఇంటి మనిషి ఉంటే తెలుస్తుంది దాని విలువ. అయితే తొలిరోజుల్లో ప్రమాదం ఆపరేషన్‌కే ఎక్కువ. పక్షవాతం ముప్పు కొంచెం ఉంటుంది. ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ సంగతీ దాచకుండా చెప్పాను. రెండు వారాలు ఇంట్లో వాళ్లతో చర్చించి ఒప్పుకున్నాడు. ఆరోగ్యశ్రీలో చేశారు. ఆ దాళ్వా కోతలు తమ్ముడు చూసుకున్నాడు.

మాత్రల సంగతి కాస్త చెప్పుకుందాం. వాటిని మనం చులకనగా చూస్తాం. పావలా మాత్ర కత్తికి సమానమా అంటాం.

కొలెస్ట్రాలు మాత్రలున్నాయి, స్టాటిన్లు. అవి ఎక్కణ్నించి వచ్చాయో తెలుసా? బియ్యానికి పట్టిన బూజులోంచి. జపానులో అకీరా ఎండో అనే ఆయన వేల రకాల బూజుల్ని వెతుకుతూ పోయాడు. చివరికి 1970ల మొదట్లో, క్యోటోలో ఒక ధాన్యపు కొట్లో దొరికిన నీలిపచ్చ బూజులో మొదటి స్టాటిన్ చిక్కింది. వరిని నమ్ముకుని బతికే డెల్టావాళ్లం, మనం ఆ మందును కాదనగలమా? అది గోడలోని పుండును ఆరబెట్టి పైపొరను గట్టిపరుస్తుంది. ఎలుక బొరియలు పూడ్చే పని. ఆస్పిరిన్ గడ్డకట్టనివ్వదు. గుండె వేగం తగ్గించే మాత్రతో వంతెన ఎక్కినా గుండె తొందరపడదు. నాలుక కింద పెట్టుకునేది సార్బిట్రేటు. అది పెట్టుకునేటప్పుడు కూర్చోండి, బీపీ పడి కళ్లు తిరగొచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. ఇంకో మాట, మగవాళ్ల కోసం. మగతనం కోసమని ఏవైనా మాత్రలు వేసుకుంటుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. సార్బిట్రేటుతో అవి కలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

స్టంటు వేయించుకున్నాక మందులు మానేసేవాళ్లున్నారు. "బాగుచేశారుగా, ఇంకెందుకండీ?" అంటారు. బాగుచేసింది ఒక్కచోటే. పైగా కొత్త స్టంటు మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేవి ఆ మాత్రలే. పన్ను పీకించుకోవడానికో పెళ్లి హడావుడిలోనో వాటిని ఆపేసి పోటు తెచ్చుకున్నవాళ్లున్నారు. స్టంటు వేసినా, బైపాస్ చేసినా, మాత్రలు మాత్రం ఎవరికీ తప్పవు. కత్తా, మాత్రా అని పేరు పెట్టాను గానీ నిజానికి మాత్ర అందరికీ ఉంది. దానితోపాటు కత్తి కావాలా, అక్కర్లేదా అన్నదే ప్రశ్న.

ఒక చేదు నిజమూ ఉంది. ఆపరేషన్‌కు పథకం ఉంది. ఏళ్ల తరబడి మాత్రలకు చాలామటుకు మన జేబే. ఖర్చని మానేయకండి. జన ఔషధి కొట్లలో ఇవే మాత్రలు చాలా చవక.

మరి మీరు ఆసుపత్రికి వెళ్తే ఏమడగాలి? నాది నిలకడ నొప్పా, హఠాత్తు నొప్పా అని అడగండి. లెఫ్ట్ మెయిన్ బాగుందా, పంపింగు ఎంతుంది అని అడగండి. ఇది చేయించుకుంటే నాకు తగ్గేది నొప్పా, పెరిగేది ఆయుష్షా అని అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. విసుక్కుంటే ఫైలు తీసుకుని ఇంకొకరికి చూపించండి. నిలకడ నొప్పికి ఆ వ్యవధి ఉంటుందని చెప్పానుగా.

ఇంతకీ మాస్టారు. ఆ రాత్రి బయల్దేరలేదు. మాత్రలు రాసిచ్చాను, చుట్ట మాన్పించాను, రోజూ నడవమన్నాను. నడిస్తే నొప్పి వస్తుంటే నడవమంటారేంటని మాస్టారు భార్య కోప్పడింది. అప్పుడు హెబర్డెన్ కథ చెప్పాను. 250 ఏళ్ల కిందట లండన్‌లో ఈ నొప్పికి పేరు పెట్టిన డాక్టరు ఆయన. తన రోగుల్లో ఒకడు రోజూ అరగంట కట్టెలు కోయడం పనిగా పెట్టుకుని దాదాపు నయం చేసుకున్నాడని రాసిపెట్టాడు. మందులు లేని రోజుల్లో! కట్టెలు కోయక్కర్లేదు మాస్టారూ, కాలువ గట్టు మీద నెమ్మదిగా నడవండి, నొప్పి మొదలవగానే ఆగండి అన్నాను. తగ్గకపోతే స్టంటు ఎక్కడికీ పోదు, అప్పుడు చూద్దామన్నాను.

నెలనెలా వస్తారు. చేతిలో రూళ్ల పుస్తకం. వారానికి నొప్పి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క. మొదటి వారం 9. ఆ తర్వాత 7. తర్వాత 4. రెండో నెల చివర సున్నా, దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్న. అలా వరసగా సున్నాలు. మొన్న వచ్చినప్పుడు చూస్తే మళ్లీ 3 ఉంది. పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నారు: 'హైదరాబాదు, అబ్బాయి ఇల్లు. మాత్రలు ఊళ్లో మర్చిపోయాను.'

ఆ పేజీ నా ముందు పెట్టి, లెక్క తప్పు చేసిన పిల్లాడు మాస్టారు బల్ల దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు.